జకరయ్య మంచి మాటలు

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో లైన్‌మన్ జకరయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. కరెంటు ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరైపోయినా జనానికి ఆయన ఇంకా లైన్‌మనే. తుఫాను వచ్చి స్తంభాలు నేలకొరిగినప్పుడల్లా రొయ్యల గుంటల గట్ల మీద, మోకాటి లోతు బురదలో, తిండీ నిద్రా లేకుండా తిరిగి ఊళ్ళకు వెలుగు తెచ్చిన మనిషి. అంతకంటే ఎక్కువగా ఆయన్ను జనం తలుచుకునేది మాటకు. ఎవరైనా మంచాన పడితే, ఎవరింట్లోనైనా చావు జరిగితే, చర్చి సంఘంలో వాళ్ళే కాదు, పక్క వీధి రెడ్ల ఇళ్ళ నుంచి కూడా కబురొచ్చేది. సంఘ పెద్ద అయిన జకరయ్య పోయి, రోగి మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, "అమ్మా, భయపడబాక. ప్రభువు నిన్ను మర్చిపోలేదమ్మా," అనేవాడు. ఆ గొంతులో ఏదో ఉండేది. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపేవాళ్ళు. పిల్లలు కూడా వచ్చి ఆయన మోకాళ్ళకు ఆనుకుని నిలబడేవాళ్ళు.

ఇంట్లో ఆ గొంతు వేరు.

గేటు దగ్గరనుంచే మొదలయ్యేది. "ఏమే, యాడ చచ్చినావు? తలుపు తీయడానికి ఎంతసేపు?" చెప్పులు విడుస్తూ ఒక మాట, కంచం ముందు కూర్చుని ఒక మాట. "ఇదేనా కూర? కుక్క ముట్టుకుంటదా దీన్ని?" భార్య ఎలిశబెతు ఏదైనా చెప్పబోతే, "నీకు చెప్పినా ఒకటే, స్తంభానికి చెప్పినా ఒకటే," అనేవాడు. జకరయ్యకు అందులో కోపం కూడా ఉండేది కాదు. బయట రోజంతా మంచిగా ఉండి వచ్చిన మనిషి ఇంట్లో చొక్కా విప్పినట్టు మంచితనాన్ని కూడా విప్పి కొక్కేనికి తగిలించేవాడు. సొంతవాళ్ళ దగ్గర మాటలు ఏరుకోవాల్సిన పనేముంది అనుకునేవాడు. తాను తాగడు, చేయి ఎత్తడు. సంఘంలో ఎంతమంది మొగుళ్ళను ఈ రెండిటి గురించే కూర్చోబెట్టి మందలించాడో లెక్కలేదు. కాబట్టి తాను మంచి భర్తనని ఆయనకు ఎన్నడూ అనుమానం రాలేదు.

ఎలిశబెతు చాలా ఏళ్ళు రొయ్యల కంపెనీలో తొక్కు తీసే పనికి పోయింది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు పగిలిపోయేవి. చెవిలో చీము కారేది. దూది పెట్టుకుని పనికి పోయేది. కాలం గడిచేకొద్దీ ఆమెకు మాట వినిపించడం తగ్గింది. పిలిస్తే "ఆ?" అనేది. జకరయ్య గొంతు పెంచేవాడు. ఇంకోసారి "ఆ?" అంటే ఇంకా పెంచేవాడు. చివరికి ఆయన ఇంట్లో మాట్లాడే ప్రతి మాటా పక్కింటి పెంచలమ్మకు వినిపించేది, ఎలిశబెతుకు తప్ప.

రెండేళ్ళ కిందట కూతురు షారన్ తల్లిని నెల్లూరులో తన ఇంటికి తీసుకుపోయి, చెవుల డాక్టరుకు చూపించి, చెవికి మిషను పెట్టించింది. చెవి రంగులోనే ఉన్న చిన్న మిషను. అది పెట్టుకున్న మొదటి రోజు కుక్కరు కూత వేస్తే ఎలిశబెతు ఉలిక్కిపడి కూర్చున్న చోటినుంచి లేచిందట. తర్వాత వంటింటి కిటికీ దగ్గర నిలబడి కాకుల అరుపు చాలాసేపు వింది. పల్లెకు తిరిగొచ్చాక ఒక గాలి రోజున వాకిట్లో నిలబడి పెంచలమ్మను అడిగింది: "ఏమ్మే, సముద్రం ఇంత దగ్గరగా ఉండాదా మనకి?"

ఆ ఆదివారం ఆరాధనలో జకరయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. మూసుకుపోయిన చెవులను దేవుడు తెరిచాడని చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

అయితే ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. పిలిస్తే ఎలిశబెతు పలకదు. ఎదురుగా పోయి చెయ్యి ఊపితేనే తలెత్తుతుంది. మిషను మంచిది కాదని జకరయ్య నిర్ణయించుకున్నాడు. ఒకరోజు షారన్‌కు ఫోన్ చేసి కసురుకున్నాడు కూడా.

"అదేంది నాన్నా? అమ్మ నాతో ఫోన్‌లో బాగానే మాట్లాడుతుందే. నిన్న కూడా గంటసేపు మాట్లాడింది," అంది షారన్.

ఆ మాట మీద ఆయన నిలబడి ఆలోచించలేదు. ఎవరో గేటు దగ్గర పిలుస్తుంటే వెళ్ళిపోయాడు.

ఈ ఏడు వర్షాకాలానికి ముందు సంఘంలో కుటుంబాల కూడిక పెట్టారు. కొత్తగా వచ్చిన పాస్టరు బెన్హర్ వయసులో చిన్నవాడు, పెళ్ళై రెండేళ్ళు కూడా కాలేదు. "భార్యను ప్రేమించడం గురించి నాకేం తెలుసన్నా చెప్పడానికి. మీరు చెప్పండి," అని జకరయ్యను బతిమాలాడు. జకరయ్య ఒప్పుకున్నాడు. రెండు రోజులు బైబిల్లో వాక్యం చదువుకుని, ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో మనసులో పేర్చుకున్నాడు.

మందిరంలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. ఎలిశబెతు రెండో వరసలో, స్త్రీల సమాజంలో పాటలు పాడించే అబిగయీలు పక్కన కూర్చుంది. పాట అయిపోయింది. అబిగయీలు చెవి దగ్గరికి వంగకుండానే ఏదో గొణిగింది. ఎలిశబెతు వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జకరయ్య అది చూశాడు. ఆమె నవ్వడం చూసి ఎంతకాలమైందో అనుకుంటూ లేచి ముందుకు వచ్చాడు.

ఆయన నిలబడి గొంతు సవరించుకుంటుండగా ఎలిశబెతు చేయి చెవి దగ్గరికి పోయింది. మిషను తీసింది. చిన్న డబ్బాలో పెట్టి మూత వేసి, డబ్బాను రొండిన దోపుకుంది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన వైపు చూసింది.

ఆ చూపు జకరయ్యకు తెలుసు. ఇంట్లో రోజూ చూసే చూపే. వింటున్నట్టు ఉంటుంది. రెప్ప కూడా వాల్చదు. ఇన్నాళ్ళూ దాన్ని ఆయన ఓర్పు అనుకున్నాడు.

"ప్రియమైన సహోదరులారా," అన్నాడు. తర్వాత చెప్పాల్సింది గుర్తు రాలేదు. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను ఇచ్చుకున్న సంగతి చెప్పాలి. అక్కడినుంచి భర్త భార్యను అట్లా ప్రేమించాలనే మాటకు రావాలి. రాలేకపోయాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నాలుగు ముక్కలు ఎలాగో చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

కూడిక అయ్యాక మగవాళ్ళు చుట్టూ మూగారు. "ఏమన్నా, మాట్లాడతానే కన్నీళ్ళు పెట్టుకుంటివే! అంత ప్రేమ ఎవరికుంటదన్నా," అన్నాడు ఒకడు భుజం మీద చెయ్యి వేసి. జకరయ్యకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

ఇంటికి పోయే దారిలో ఎప్పటిలాగే ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. మధ్యలో ఆయన ఆగాడు. కలిసి నడుద్దామని. ఆమె కూడా అక్కడే ఆగిపోయింది, నాలుగడుగుల వెనక. ఆయన కదిలాకే కదిలింది.

ఇంట్లోకి రాగానే చెవి చూపించి సైగ చేశాడు, పెట్టుకోమని. ఎలిశబెతు డబ్బా తీసి మిషను పెట్టుకుంది.

"నేను లేచి నిలబడంగానే ఎందుకు తీసేసినావు?"

"నువ్వు మాట్లాడేటప్పుడు తీసేస్తా," అంది ఆమె. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో పెట్టుకోనే పెట్టుకోను కదయ్యా. పెంచలమ్మ కాడికి పోతే పెట్టుకుంటా. మందిరానికి పోతే పెట్టుకుంటా. షారన్ ఫోన్ చేస్తే పెట్టుకుంటా."

"ఎందుకే?"

ఎలిశబెతు కాసేపు ఆలోచించింది. దాచాలని కాదు, సరిగా చెప్పాలని.

"షారన్ ఇంట్లో ఉన్నప్పుడు అన్నీ వినిపించినాయి. పిల్లోళ్ళ మాటలు, కాకులు, కొళాయి చప్పుడు. శానా సంతోషమేసింది. బస్సు దిగి ఇంటికొచ్చినానా, నువ్వు లోపల్నించి అరిచినావు. 'చెవిటిదానా, ఇప్పుడొచ్చినావా' అని. ముందు కూడా అట్టనే అంటా ఉన్నావేమో. నాకు వినిపించేది కాదు గదా. అప్పుడనిపించింది, ఇంట్లో వినపడకపోవడమే బాగుండాదని."

"నేను నిన్ను ఒక దెబ్బ కొట్టినానా?"

"కొట్టలా."

"తాగొచ్చినానా ఒక్కరోజన్నా?"

"తాగలా."

"మరి?"

ఆమె మిషను తీసి డబ్బాలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ "మరి" ఆయన దగ్గరే మిగిలిపోయింది.

తర్వాతి రోజుల్లో జకరయ్య మారాలనుకున్నాడు. మారడం అంత కష్టమని ఆయనకు తెలియదు. ఇతరులకు ఎంత సులువుగా చెప్పాడో అప్పుడు గుర్తొచ్చింది. ఒక పొద్దున ఆమె మిషనుతో పెంచలమ్మ ఇంటినుంచి వస్తుంటే, తీయకముందే పలకరించాలని, గడపలో నిలబడి "ఎలిశబెతూ," అని మెల్లగా పిలిచాడు. పెళ్ళైనప్పటినుంచి ఆమెను పేరుతో పిలిచి ఎరగడు. ఆమె ముఖం పాలిపోయింది. పరుగున వచ్చి, "ఎవరికేమైందయ్యా? షారన్‌కా?" అంది.

ఏమీ కాలేదని నమ్మించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇతరుల ఇళ్ళలో ధారగా వచ్చే మాటలు సొంత ఇంట్లో నోరు దాటేవి కావు. దాటినా వేరే ఎవరి మాటలో అప్పు తెచ్చుకున్నట్టు ఉండేవి. ఒక మధ్యాహ్నం ఆమె మోటారు ఆపడం మరిచిపోయి ట్యాంకు పొంగిపోతుంటే పాత గొంతు బయటికొచ్చింది. తిట్టాల్సినవన్నీ తిట్టాక ఉలిక్కిపడి ఆమె చెవి వైపు చూశాడు. చెవిలో మిషను లేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు ఆ రోజంతా తన ముఖం తాను అద్దంలో చూసుకోలేకపోయాడు.

చివరికి పాస్టరు బెన్హర్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు. "నన్ను సంఘ పెద్దల్లోంచి తీసెయ్యండి అయ్యగారూ. ఇంకొకరికి చెప్పే అర్హత నాకు లేదు."

"తీసేస్తే అక్కకు ఏమొస్తదన్నా?" అన్నాడు బెన్హర్. "మీరు నాతో చెప్పిన మాట ఆమెతో చెప్పినారా?"

"లేదు."

"నా కాడికి రావడం సులభం గనక వచ్చినారు. నేను వినేటోణ్ణి కదా."

జకరయ్య ఇంటికి వచ్చాడు. ఎలిశబెతు వసారాలో చేటలో మునగాకు దూస్తోంది. మిషను పెట్టుకోమని సైగ చేసి, పెట్టుకునేదాకా ఆగి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించు," అన్నాడు.

ఆమె చేతులు ఆగలేదు. "క్షమించినాలే ఎప్పుడో. మనసులో పెట్టుకుని బల్ల కాడికి ఎట్టా పోతానయ్యా? నెలనెలా బల్ల తీసుకునే ముందు నిన్ను క్షమిస్తానే ఉండా."

ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం అందుకునే ముందు ఆమె తల వంచుకుని అంతసేపు ఎవరి కోసం ప్రార్థిస్తుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఆ రొట్టెను అందించేవాళ్ళలో తానూ ఒకడు.

"అయితే ఇంట్లో కూడా మిషను పెట్టుకుంటావా?"

"అది వేరేనయ్యా. క్షమించమని దేవుడు చెప్పినాడు, చేసినా. నీ మాట వినాలంటే మాత్రం నాకు ఓపిక లేదు. అయిపోయింది." మెత్తగా అంది: "నీ మీద కోపం మాత్రం లేదు. నువ్వు నమ్మాల."

ఆయన నమ్మాడు. కోపం ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు. కోపం ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం కరెంటు పోయి ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. తడి తగలకుండా ఆమె మిషను లోపల దాచి వచ్చింది. జకరయ్య ఆమె ముఖానికి ఎదురుగా కూర్చుని, తన చెవి పట్టుకుని, పెదవులు ఆమెకు కనబడేటట్టు నిదానంగా అడిగాడు: "ఇది... ఎప్పుడు మొదలైంది నీకు?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నీకు తెలవదా?"

తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఎలిశబెతు చెప్పడం మొదలుపెట్టింది. తన గొంతు తనకు వినిపించదు కాబట్టి కాస్త గట్టిగానే చెప్పింది. మధ్యలో ఆయన ఏమన్నా ఆమెకు వినబడదు. అందుకని ఆయనకు వినడం తప్ప వేరే పని లేకపోయింది.

"షారన్ మూడో క్లాసు. చెవిలో పోటు, ఒళ్ళు కాలిపోతా ఉండాది. కంపెనీలో సూపర్వైజరు కూడా అన్నాడు, పోయి చూపించుకోమ్మా అని. నువ్వు రేపు నెల్లూరు తీసుకుపోతా అన్నావు. ఊదారంగు చీర కట్టుకుని బస్టాపులో కూర్చున్నా. ఆఫీసులో చెప్పేసి వస్తా, నువ్వు పద అన్నావు. ఒక బస్సు పోయింది. ఇంకోటి పోయింది. టీ అంగడి గంగాధరం అడక్కుండానే టీ తెచ్చిచ్చినాడు. ఆయనే చెప్పినాడు, మడికాడ పోలేరయ్యను పాము కరిస్తే నువ్వు ఆటోలో ఏసుకుని పెద్దాసుపత్రికి పోయినావని. మంచి పని చేసినాడమ్మా నీ మొగుడు అన్నాడు. నాక్కూడా గొప్పగానే అనిపించింది. ఇంటికొచ్చి వండినా, ఆకలితో వస్తావని."

ఆమె వాన వైపు చూసింది.

"పొద్దుగూకినాక వచ్చినావు. పోలేరయ్య అన్నదమ్ములు కూడా వచ్చినారు. అందరికీ వడ్డించినా. నువ్వు జరిగిందంతా చెప్పినావు, వాళ్ళు నీ చేతులు పట్టుకుని ఏడ్చినారు. వాళ్ళు పోయినాక అడుగుతావు అనుకున్నా. నీ చెవి ఎట్టుండాది అని. ఆ ఒక్క మాటే. రేపు పోదామని కూడా అనక్కర్లా. నువ్వేమో కూరలో ఉప్పెక్కువేసి నలుగురిలో నా పరువు తీసినావని అరిచి పడుకున్నావు. పోలేరయ్య బతికినాడు. అది మంచిదే. నేనేమన్నా అన్నానా దానికి? ఆ తర్వాత నేనూ అడగలా. అడగబుద్ధి కాలా."

జకరయ్య ఆ రోజును మనసులో వెతికాడు. పోలేరయ్యను పాము కరిచిన రోజు ఆయనకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఎన్ని సంఘాల్లో ఆ సాక్ష్యం చెప్పాడో! నల్లబడిన కాలు, ఆటో గతుకుల్లో ఎగిరిపడటం, దారి పొడవునా తాను చేసిన ప్రార్థన, డాక్టరు బయటికి వచ్చి చెప్పిన మాట, అన్నీ గుర్తున్నాయి. అందులో బస్టాపు లేదు. ఊదారంగు చీర కట్టుకుని కూర్చున్న మనిషి లేదు. ఎంత వెతికినా దొరకలేదు. తప్పు చేశానని గుర్తుంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకనాడు ఏడ్చి ఉండేవాడు. గుర్తుపెట్టుకోవడానికి కూడా ఆమె ఆయన కంటికి ఆనలేదు. వేరేవాళ్ళ ఆపదలో దేవుణ్ణి అంత దగ్గరగా చూసిన మనిషి, అదే రోజు ఇంట్లో జ్వరంతో వడ్డిస్తున్న మనిషిని చూడలేదు.

ఆయన ఏడుస్తున్నాడని ఆమెకు వినిపించలేదు. చీకటి పడుతోంది కాబట్టి కనిపించనూ లేదు. "దీపం పెట్టొస్తా," అని లేచి వెళ్ళింది.

వానలు తగ్గాక జకరయ్య ఆమెను నెల్లూరు తీసుకుపోయాడు. షారన్ తోడు వస్తానంది. వద్దన్నాడు. ఈసారి చూసిన చెవుల డాక్టరు వేరే, నడివయసు మనిషి. పరీక్ష కోసం మిషను తీయించి, లైటు వేసి రెండు చెవులూ చూశాడు. తర్వాత, చెవిటామె కదా అని, జకరయ్య వైపు తిరిగి అడిగాడు: "ఎన్నాళ్ళ నుంచి చీము కారేదండీ? మొదట ఏ చెవి? జ్వరం వచ్చేదా? అప్పుడు ఏ మందు వాడారు?"

జకరయ్య నోరు తెరిచాడు.

"నాకు తెలవదు సార్," అన్నాడు. "ఆమెనే అడగండి. నేను పెట్టిస్తా మిషను."

తన చేతులతో మిషను అందించి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఎలిశబెతు డాక్టరుకు అన్నీ వరసగా చెప్పింది. డాక్టరు అన్నీ రాసుకున్నాడు. చివర్లో ఆమెను పక్క గదికి వినికిడి పరీక్షకు పంపి, జకరయ్యతో విడిగా అన్నాడు: "మొదట్లోనే తెచ్చి ఉంటే మందులతో, మహా అయితే చిన్న ఆపరేషన్‌తో పోయేదండీ. ఇప్పుడు ఉన్నది కాపాడుకోవడమే. అది కూడా తగ్గుతూ వస్తుంది."

బయట వరండా బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎలిశబెతు మిషను తీయలేదు. కొత్త చోటు, పేరు పిలుస్తారేమోనని కాబోలు. "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగింది.

ఏదో ఒక మంచి మాట చెప్పొచ్చు. మంచం పక్కన కూర్చుని ఎంతమందికి చెప్పలేదు! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. జకరయ్య దాన్ని మింగేశాడు.

"అప్పుడే తీసుకొచ్చుంటే బాగయ్యేదంట," అన్నాడు, మెల్లగా. "ఇప్పుడు కాదంట. ఉన్నది కూడా పోతదంట."

ఎలిశబెతు తల ఊపింది. "తెలుసు. షారన్ తీసుకొచ్చినప్పుడు ఆ డాక్టరు కూడా అదే చెప్పినాడు."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"నేనే వద్దన్నా షారన్‌ని. మీ నాయన బాధపడతాడు, చెప్పబాక అన్నా."

లోపలినుంచి నర్సు ఎవరి పేరో పిలిచింది. వాళ్ళది కాదు. ఎలిశబెతు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, ముందు ఆయనకు అందించింది.